ల్యాప్‌టాప్ ఇస్తే సరిపోదు.. విప్పడం నేర్పాలి

‘‘అన్నా, ల్యాప్‌టాప్ లేకుండ పైథాన్ నేర్సుకోవచ్చా?’’

టెక్నాలజీ గురించి రాస్తుంటానని తెలిసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో చాలామంది ఎల్లారెడ్డి, లింగంపేట, నాగిరెడ్డిపేట వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి కామారెడ్డికి వచ్చి చదువుకునేవాళ్లు. ఫోన్‌లోనే కోడ్ రాస్తారు. ఆ చిన్న తెర మీద ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోతే అది ఎక్కడ తప్పిందో వెతకడానికే పావుగంట పడుతుంది. రెజ్యూమెను జిరాక్స్ సెంటర్ ఆయనతో టైపు చేయిస్తారు. అందులో ‘ఎంఎస్ ఆఫీస్ వచ్చు’ అన్న లైను కూడా ఆయనతోనే టైపు చేయిస్తారు.

నవ్వకండి. నేనూ అట్లాగే చేయించుకున్నాను.

జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) లెక్కల ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల్లో 23.4 శాతానికి కంప్యూటర్ ఉంటే, పల్లెల్లో 4.4 శాతానికే ఉంది. అంటే వంద గడపల ఊళ్లో నాలుగైదు ఇళ్లు. లెక్క కొంచెం పాతదే. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్ దాదాపు ప్రతి ఇంటికీ వచ్చింది. ఫోన్‌లో పాఠం వినొచ్చు, ఉద్యోగానికి దరఖాస్తు కూడా పెట్టొచ్చు. కానీ ఆన్‌లైన్ కోడింగ్ టెస్టు దగ్గరికి వచ్చేసరికి ‘ల్యాప్‌టాప్, వెబ్‌క్యామ్ తప్పనిసరి’ అంటారు. మనవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.

చివరి మడికి నీళ్లు

మన జిల్లాలో నిజాంసాగర్ కాలువ కింద సేద్యం చేసే ఎవరినడిగినా చెబుతారు. తూము దగ్గరి పొలానికి నీళ్లు వాటంతట అవే పారతాయి. చివరి మడికి రావాలంటే ఎవరో ఒకరు పార పట్టుకుని కాలువ వెంట నడవాలి. కంప్యూటర్ల కథ కూడా ఇదే.

హైదరాబాద్ ఆఫీసుల్లో ల్యాప్‌టాప్‌లకు కొదవ లేదు. కంపెనీల చట్టం 2013, రెండో షెడ్యూల్ ప్రకారం లెక్కల పుస్తకంలో ల్యాప్‌టాప్ ఆయుష్షు మూడేళ్లే. ఆ తర్వాత అది చక్కగా పనిచేస్తున్నా ఖాతాలో దాని విలువ దాదాపు ఏమీ ఉండదు. దీనికి తోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో, ఆ పైదో కావాలి. అంతకంటే పాత యంత్రాలు నడుస్తున్నా మూలకు చేరుతున్నాయి. వాటిలో చాలావాటికి ఒక ఎస్ఎస్‌డీ వేసి, లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే డిగ్రీ విద్యార్థికి ఇంకొన్నేళ్లు హాయిగా పనికొస్తాయి.

యంత్రాలు అక్కడున్నాయి, అవసరం ఇక్కడుంది. మధ్యలో పార పట్టుకుని నడిచే మనిషి కావాలి. ఆ మనిషి ఉద్యోగం వెతుక్కుంటున్న మీరే ఎందుకు కాకూడదు?

మేం చేసిన పొరపాటు

కొన్నేళ్ల కిందట నేను, ఇద్దరు ముగ్గురు స్నేహితులం కలిసి తెలిసినవాళ్ల దగ్గర మూలనపడ్డ ల్యాప్‌టాప్‌లు అడిగి తెచ్చుకున్నాం. సెలవు రోజుల్లో కూర్చుని ఫ్యాన్లలో దుమ్ము తీశాం, హార్డ్ డిస్కులు మార్చాం, ఊళ్లలో అవసరమున్న పిల్లలకు ఇచ్చాం. ఫొటో దిగాం. స్టేటస్ పెట్టుకున్నాం. మస్తు మంచి పని చేశామని మురిసిపోయాం.

ఆర్నెల్ల తర్వాత, ఒకటి తీసుకున్న అమ్మాయి వాళ్ల ఇంటికి వెళ్లాను. ఎల్లారెడ్డి దగ్గర పల్లె. ల్యాప్‌టాప్ బీరువాలో చీరల కింద ఉంది. ఇచ్చిన నెలకే ఆన్ చేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోయిందట. ‘‘మరి నాకు ఫోన్ చేయొచ్చు కదమ్మా?’’ అంటే తల దించుకుంది. వాళ్ల అమ్మ చెప్పింది: ‘‘ఖరాబ్ చేసిందని మీరు వాపస్ తీస్కపోతరేమోనని భయపడ్డది బిడ్డా.’’

విప్పి చూస్తే హార్డ్ డిస్క్ కనెక్టర్ కాస్త వదులైంది. తీసి, మళ్లీ గట్టిగా నొక్కి పెట్టాను. ఐదు నిమిషాల పని. అది తెలియక ఐదు నెలల చదువు బీరువాలో పడి ఉంది.

తప్పు ఆ పిల్లది కాదు, మాది. ఊరికే చేతికొచ్చిన వస్తువును విప్పాలంటే ఎవరికైనా చేయి వణుకుతుంది. పాడైందని చెప్పడానికి నోరు రాదు. ఆ రోజు నుంచి నా అభిప్రాయం ఒకటే. విద్యార్థికి ల్యాప్‌టాప్ ఇచ్చే ముందు దాన్ని విప్పి, బిగించే పనిలో ఆ విద్యార్థినీ కూర్చోబెట్టాలి.

పని చేస్తే మీదే

ఇది కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2000లో ‘ఫ్రీ గీక్’ అనే సంస్థ మొదలైంది. జనం ఇచ్చేసిన పాత కంప్యూటర్లను వాలంటీర్లు విప్పి, పరీక్షించి, పనికొచ్చేవాటిని బాగుచేస్తారు. అక్కడ నడిపిన ఒక పద్ధతి నాకు బాగా నచ్చింది. 24 గంటలు పని చేసినవాళ్లకు ఒక కంప్యూటర్ ఇచ్చేవారు. ఇంకో పద్ధతిలో ఐదు కంప్యూటర్లు కూర్చి పెట్టినవాళ్లు ఆరోది తమ ఇంటికి తీసుకెళ్లేవారు. తీసుకెళ్లేవాళ్లకు మొహమాటం ఉండదు, చెడిపోతే భయం ఉండదు. ఎందుకంటే దాని లోపల ఏముందో వాళ్లకు తెలుసు.

ఈ పద్ధతిని కామారెడ్డికి తెచ్చుకోవడం కష్టమా? ఆదివారానికి మూడు గంటల చొప్పున ఎనిమిది ఆదివారాలైతే 24 గంటలు. రెండు నెలల్లో మీ చేతిలో ఒక ల్యాప్‌టాప్, దానితోపాటు ఒక పని ఉంటాయి.

సాఫ్ట్‌వేర్ వైపు మనకు దగ్గర్లోనే ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌లో 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ ఉద్యమం లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని పెట్టుకుంది. అందులో పనిచేసినవాళ్లలో ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు చాలామంది ఉన్నారు. జీతం లేని ఆ పని వాళ్లకు నలుగురితో కలిసి పెద్ద ప్రాజెక్టు ఎట్లా చేయాలో నేర్పింది.

ఆ బల్ల దగ్గర ఏం వస్తుంది?

ఒక పాత ల్యాప్‌టాప్ మీ ముందుకొచ్చిందనుకోండి. మొదట దాని మోడల్, సీరియల్ నంబర్ రాసుకుంటారు. చార్జర్ పెడితే లైటు వెలుగుతోందా? ఫ్యాన్ తిరుగుతోందా? తెర రావడం లేదా, వచ్చి ఆగిపోతోందా? లోపం ర్యామ్‌లో ఉందా, డిస్క్‌లో ఉందా, ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉందా అని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వెళ్తారు. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్‌తో, డిస్క్ ఆరోగ్యాన్ని స్మార్ట్ రిపోర్టుతో చూస్తారు. దీన్నే కంపెనీల్లో ‘ట్రబుల్ షూటింగ్’ అంటారు. కోడ్‌లో బగ్ వెతకడానికీ ఇదే పద్ధతి.

తర్వాత డేటా. పాత యజమాని ఫొటోలు, బ్యాంకు కాగితాలు అందులో ఉండొచ్చు. డిలీట్ కొట్టినంత మాత్రాన, క్విక్ ఫార్మాట్ చేసినంత మాత్రాన అవి పోవు. డిస్క్ మొత్తాన్ని చెరిపే పద్ధతి వేరే ఉంటుంది. ఇతరుల సమాచారాన్ని తెరిచి చూడకుండా చెరపడం సైబర్ సెక్యూరిటీలో తొలి పాఠం.

ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే నొక్కడం, గుచ్చడం చేయొద్దు. అది నిప్పు అంటుకునే సరుకు. పక్కన పెట్టి, పనికిరాని బోర్డులతోపాటు అనుమతి ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్‌కే ఇవ్వాలి.

చివరగా లినక్స్. పెన్‌డ్రైవ్‌లోంచి ఇన్‌స్టాల్ చేయడం, పార్టిషన్లు, యూజర్ పర్మిషన్లు, టెర్మినల్ కమాండ్లు. సర్వర్లలో, క్లౌడ్‌లో ఎక్కువగా నడిచేది లినక్సే. క్లౌడ్ కోర్సుకు వేలు కట్టే ముందు ఈ నాలుగు ముక్కలు ఉచితంగా వచ్చేస్తాయి.

ఇంటర్వ్యూలో ఏం చెబుతారు?

నా మొదటి ఇంటర్వ్యూ సంగతి చెప్తాను. రెజ్యూమెలో ఉన్న ప్రాజెక్టు డబ్బులిచ్చి తెచ్చుకున్నది. రెండో ప్రశ్నకే దొరికిపోయాను. ఇక లేవాల్సిందే అనుకుంటుంటే, వాళ్లలో ఒకాయన ‘‘సొంతంగా ఏదైనా చేశావా?’’ అన్నారు. నా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ గంటకోసారి వేడెక్కి ఆగిపోతుంటే, కారణం ఎట్లా పట్టుకున్నానో, థర్మల్ పేస్ట్ ఎట్లా మార్చానో చెప్పాను. పది నిమిషాలు దాని గురించే అడిగారు. నాకు ఒక్క చోట కూడా నోరు తడబడలేదు.

ఆ ఉద్యోగం రాలేదు. కానీ చేసిన పని గురించి మాట్లాడటానికీ, బట్టీ పట్టింది అప్పజెప్పడానికీ తేడా ఏంటో ఆ రోజు అర్థమైంది. ‘అనుభవం ఉందా?’ అని ఫ్రెషర్లను అడగడం అన్యాయమే. అయినా అడుగుతారు. అప్పుడు మీ దగ్గర పది యంత్రాల రిజిస్టర్ ఉంటే? ఏ లోపం, ఏం పరీక్షించాను, ఏం మార్చాను, ఎంత సమయం పట్టింది, ఏది బాగుచేయలేకపోయాను... ఈ ఐదు కాలమ్స్‌ను స్ప్రెడ్‌షీట్‌లో మీరే నింపండి. అప్పుడు ‘ఎక్సెల్ వచ్చు’ అన్న లైను కూడా నిజమవుతుంది.

రెండు అభ్యంతరాలు

‘ఇంజినీరింగ్ చదివి మెకానిక్ పని చేయాలా?’ అని ఇంట్లో అనొచ్చు. ఈ పని చేస్తే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పను. అట్లా చెప్పేవాళ్లను నమ్మొద్దు కూడా. డేటా స్ట్రక్చర్స్, ఎస్‌క్యూఎల్, ఇంగ్లిష్ విడిగా చదవాల్సిందే. అయితే ఐటీ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్, నెట్‌వర్కింగ్ ఉద్యోగాలకు ఇది నేరుగా పనికొస్తుంది. మిగతావాటికి లోపాన్ని ఓపికగా వెతికే అలవాటు ఇస్తుంది.

రెండోది, ఇది ప్రభుత్వం చేయాల్సిన పని కదా అని. కచ్చితంగా. తమిళనాడు 2011 నుంచి విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకం నడిపింది. మనమూ అడగాలి. నలుగురు వాలంటీర్లు ఒక జిల్లా అవసరం తీర్చలేరు. కానీ ప్రభుత్వం రేపు కొత్త ల్యాప్‌టాప్‌లే ఇచ్చినా అవీ ఒకనాడు నల్ల తెర చూపిస్తాయి. అప్పుడు ఊళ్లో విప్పడం తెలిసినవాళ్లు ఉండాలి.

మొదలుపెట్టేది ఇట్లా

ఐదుగురు చాలు. కాలేజీలో ఒక గది, నాలుగు ప్లగ్ పాయింట్లు ఇమ్మని ప్రిన్సిపాల్ సార్‌కు దరఖాస్తు రాయండి. స్క్రూడ్రైవర్ సెట్టు, మెత్తటి బ్రష్షు, థర్మల్ పేస్ట్, రెండు పెన్‌డ్రైవ్‌లు తలా కొంత వేసుకుని కొనండి. మీ టౌన్‌లో కంప్యూటర్లు రిపేరు చేసే అన్న దగ్గరికి వెళ్లి నెలకు ఒక్క ఆదివారం వచ్చి చూపించమని అడగండి. యూట్యూబ్‌లో దొరకని చేతివాటం ఆయన దగ్గర ఉంటుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మీ సీనియర్లకు మెసేజ్ పెట్టండి. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తీసుకోవద్దు.

వచ్చినవన్నీ ఎవరికో అంటగట్టకండి. గంట కూడా నడవని యంత్రాన్ని పేద విద్యార్థికి ఇవ్వడం దానం కాదు, చెత్త దించుకోవడం. ఇచ్చినదానికి ఆరు నెలలు మీరే జవాబుదారీ అని ముందే చెప్పండి. ‘చెడిపోతే తిట్టం, వాపస్ తీసుకోం, పట్టుకుని రా, కలిసి విప్పుదాం’ అని అమ్మానాన్నల ముందే చెప్పండి. కామారెడ్డిలో నేర్చుకున్నవాళ్లు నెలకోసారి ఎల్లారెడ్డి వెళ్లి కూర్చోవాలి. అక్కడి పిల్లలే ఎప్పుడూ కామారెడ్డికి రావాలంటే చివరి మడి మళ్లీ ఎండుతుంది. అమ్మాయిలను వెనక కుర్చీల్లో కూర్చోబెట్టి నోట్స్ రాయించకండి. స్క్రూడ్రైవర్ వాళ్ల చేతికీ ఇవ్వండి.

నేను పైన చెప్పిన ఆ అమ్మాయికి ఆ రోజే స్క్రూలు విప్పడం చూపించాను. రెండోసారి కనెక్టర్ తనే పెట్టింది. తెర వెలిగినప్పుడు ఆమె ముఖం చూశాక, మేం దిగిన ఫొటోలన్నీ ఎంత తొందరపాటో తెలిసింది.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. ల్యాప్‌టాప్ లేకుండా పైథాన్ మొదలుపెట్టొచ్చు తమ్ముడూ. కానీ ఎక్కువ దూరం పోలేవు. అందుకే వచ్చే ఆదివారం ఖాళీ పెట్టుకో. ఎవరింట్లోనో మూలనపడ్డ ఒక ల్యాప్‌టాప్ వెతికి తీసుకురా. కలిసి విప్పుదాం.