అంచు ఉంటే అడవీ తోటే!

విత్తనం ఎవరూ చల్లరు. నీళ్లూ ఎవరూ పోయరు. అయినా నాలుగు వానలు పడేసరికి వాకిట్లో ఓ పక్క గునుగు, మరో పక్క బిళ్లగన్నేరు, గోడవారన చంద్రకాంత... పోటీలు పడి లేచి నిలబడతాయి. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కాస్త ఖాళీ జాగా ఉన్న ఇళ్లలో ఇది మామూలే. ఇంటివాళ్లకు ఆ పూలు ముచ్చటే. మరి వీధిలో పోయేవాళ్లకు? 'ఏమ్మా, ఊర్లో లేరా ఏంది? వాకిలంతా పిచ్చిమొక్కలు మొలిచినాయే!' అని ఓ మాట విసురుతారు. అదే మాట ఇంకో ఇద్దరి నోట విన్నాక ఇంటాయన మేస్త్రీకి కబురు పెడతాడు. వారం తిరిగేసరికి ఆ జాగా అంతా సిమెంటు!

పోయింది నాలుగు మొక్కలే కదా అనుకుంటాం. కానీ వాటితోపాటే వాననీరు ఇంకే మట్టి పోతుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊళ్లలో వాకిలి పెనంలా కాలుతుంది. తంగేడు ఆకు తిని పెరిగే పసుపు సీతాకోకచిలుకలూ మరో చోటు వెతుక్కుంటాయి. నిజానికి చిక్కంతా పూలతో కాదు. వాటిని కావాలనే ఉంచుకున్నారన్న సంగతి చూసేవాళ్లకు తెలియకపోవడంతోనే. ఆ సంగతి తెలియజెప్పడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు.

బాట వేస్తే చాలు

ఉదాహరణకు ఎక్కడికో పోనక్కర్లేదు. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల్నే చూడండి. పైనంతా చదునైన నేల, మధ్యలో బావుల్లాంటి గుంతలు. దిగితే మాత్రం నీటి ప్రవాహం సున్నపురాయిని తొలిచిన సొరంగాలు, మొత్తం 3,229 మీటర్లు! 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశారు. 1982-84 మధ్య జర్మన్ బృందం లోపలికి దిగి పరిశీలించింది. కానీ నలుగురూ వెళ్లి చూసే చోటుగా మారింది మాత్రం 2002లో, రాష్ట్ర పర్యాటక సంస్థ తలుపులు తెరిచాకే.

గుహ అంతకుముందూ అదే. వంకర గోడలు వంకరగానే ఉన్నాయి. కొత్తగా వచ్చినవి నడవడానికి బాట, దిగడానికి మెట్లు, అక్కడక్కడా దీపాలు. సింహద్వారం, కోటిలింగాలు, పాతాళగంగ అంటూ పిలవడానికి పేర్లూ ఉన్నాయి. చూపించేది కిలోమీటరున్నర వరకే. మిగతా గుహ దాని మానాన అది ఉంది. అడవిలాంటి పూలతోటకూ ఇదే సూత్రం పనికొస్తుంది. లోపల ఎంత చిందరవందరగా ఉన్నా చుట్టూ, మధ్యలో మనిషి చెయ్యి కనిపించాలి.

ఇదే మాటను 1995లో అమెరికాకు చెందిన జోన్ నాసావర్ అనే పరిశోధకురాలు ఓ వ్యాసంలో వివరించారు. మొక్కలు గుబురుగా పెరిగితే జనం 'పట్టించుకునేవాళ్లు లేరు' అనుకుంటారట. అదే చుట్టూ తీరైన అంచో, చిన్న కంచెో ఉంటే ఆ మొక్కల్నే ఇష్టంగా చూస్తారట. న్యూయార్క్‌లో అలాంటిదే జరిగింది. అక్కడ వంతెన మీద గూడ్సు రైళ్లు నడిచే లైను ఒకటి 1980లో మూతపడింది. పట్టాల మధ్య గడ్డీ పూలూ వాటంతట అవే మొలిచాయి. కూల్చేయాలన్నారు కొందరు, ఉంచాలన్నారు మరికొందరు. చివరికి అదే వంతెన మీద నడకదారి, బెంచీలు, అడవి తీరు మొక్కలతో 2009లో 'హై లైన్' పార్కు మొదలైంది. ఇప్పుడు దాన్ని చూడ్డానికి దేశదేశాల నుంచి వస్తున్నారు.

మన వాకిట్లో ఎలా?

మొదట అంచు. ఈ ప్రాంతంలో రాయికి కొదవేముంది? బేతంచెర్ల బండల ముక్కలు తెచ్చి, పూల జాగా చుట్టూ జానెడు ఎత్తున నిలువుగా పాతండి. గీత తిన్నగానైనా ఉండాలి, చక్కటి వంపుతోనైనా సాగాలి. అటూ ఇటూ కానిది మాత్రం వద్దు. బండకు ఇవతల మూరెడు జాగా శుభ్రంగా ఊడ్చి ఉంచితే సగం పని అయిపోయినట్టే. అక్కడ రోజూ ఓ ముగ్గు పడితే ఇక చెప్పేదేముంది!

రెండోది దారి. గేటు నుంచి గడప వరకు ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు ఉండాలి. పూలు దారి మీదికి వాలితే ఆ కొమ్మల్నే కత్తిరించండి. లోపలివాటి జోలికి పోవద్దు.

మూడోది గుంపులు. బతుకమ్మను తలచుకోండి. గునుగు, తంగేడు... పొలంగట్ల మీద దొరికే పూలే కదా! వరసకో రంగు చొప్పున పేర్చితే పండగ కళ వచ్చేస్తుంది. తోటలోనూ అంతే. ఒక్కో మొక్క ఒక్కోచోట ఉంటే తనంతట మొలిచినట్టుంటుంది. అదే రకం ఏడెనిమిది ఒకచోట, కాస్త దూరంలో మళ్లీ అదే రకం కనిపిస్తే ఎవరో నాటినట్టుంటుంది. నారు చిన్నగా ఉన్నప్పుడే తీసి గుంపుగా నాటుకుంటే సరి. వెనక వరసలో తంగేడు, దాని ముందు గునుగు, చంద్రకాంత, తర్వాత బిళ్లగన్నేరు, అంచుకు ఆనుకుని గడ్డిగులాబీ. ఇలా మెట్లుమెట్లుగా ఉంటే అన్నీ కంటికి ఆనతాయి.

నాలుగోది చూపు నిలిచే వస్తువు. పాత రాతిరోలు, తులసికోట, ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన చిన్న దీపస్తంభం... ఏదైనా ఒక్కటి చాలు. వేసవిలో గునుగు ఎండిపోయి జాగా బోసిపోయినప్పుడు వాకిలిని నిలబెట్టేవి ఈ రాయీ, ఆ అంచే. రాతితొట్టిలో పిట్టలకు నీళ్లు పెడితే రెండు రోజులకోసారి మార్చండి. దోమలు పెరిగేది పూలలో కాదు, నిలవ నీళ్లలో.

ఏది ఉంచాలి? ఏది పీకాలి?

అడవితోట అన్నారు కదా అని అన్నిటినీ వదిలేయకూడదు. వయ్యారిభామ కనిపిస్తే పూత రాకముందే వేళ్లతో సహా పీకేయాల్సిందే. చర్మం దురదలు, ఊపిరాడని బాధ తెచ్చిపెట్టే మొక్క అది. చేతులకు తొడుగులు వేసుకోవడం మరవకండి. చంద్రకాంత గింజలు అచ్చం మిరియాల్లా ఉంటాయి, కానీ విషం. బిళ్లగన్నేరూ నోట్లో పెట్టుకోదగ్గది కాదు. పసిపిల్లలున్న ఇంట్లో వీటిని చేతికందనంత దూరంలో, వెనక వరసలో పెంచడం మేలు.

ఇక అందరి భయమూ పాములే. ఆ భయాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. గోడ నుంచి రెండు మూరలు ఖాళీగా వదలండి. రాళ్లకుప్పలు, కట్టెలమోపులు తోటలో ఉంచొద్దు. పాతిన బండల మధ్య సందులు లేకుండా మట్టితో గట్టిగా పూడ్చండి. చీకట్లో నడిచే దారిలో దీపం ఉండాలి.

దసరా దాటాక గునుగు కంకులు ఎండుతాయి. కొన్నింటిని గింజ రాలేదాకా ఉంచితే మరుసటి వానలకు విత్తనం కొనే పని ఉండదు. అన్నీ వదిలేస్తే మాత్రం జాగా అంతా తనదే అంటుంది, పక్క చేలోకీ పాకుతుంది. తంగేడును పూత అయ్యాక కత్తిరిస్తే గుబురుగా వస్తుంది.

అంచు కట్టుకోవడానికి మే నెల మంచి అదను. మొక్కలు తక్కువగా ఉంటాయి కాబట్టి గీత స్పష్టంగా కనబడుతుంది. జూన్‌లో తొలకరి పడే నాటికి బండలు కుదురుకుంటాయి. కాబట్టి మేస్త్రీని పిలవాలనుకుంటే నిక్షేపంగా పిలవండి. సిమెంటు పరచడానికి కాదు, నాలుగు బండలు పాతడానికి!