పరిగెత్తించకండి, ముందు పరీక్ష చేయించండి

కల్లూరులో కుక్కను పెంచుకుంటున్న ప్రతి ఇంటికీ ఈ మాట వెంటనే చేరాలి. ఏడాదో, ఏడాదిన్నరో వయసున్న కుక్క రోజుల తరబడి మూలన పడుకుంటోందంటే దాన్ని బద్ధకం కింద కొట్టిపారేయకండి. హుషారు తెప్పిద్దామని గొలుసు కట్టి బండి వెనక పరిగెత్తించకండి. బలవంతంగా బంతి వెంట ఉరికించకండి. ఆ వయసు కుక్కకు ఉరకడం ఎవరూ నేర్పక్కర్లేదు. అది ఉరకడం మానేసిందంటే ఒంట్లో ఏదో తేడా చేసిందన్నమాట. ముందు రక్త పరీక్ష, ఆ తర్వాతే ఆట.

కుక్కపిల్లలు ఎక్కువసేపు నిద్రపోతాయన్నది నిజమే. రెండు మూడు నెలల పిల్ల రోజులో 18 నుంచి 20 గంటలు పడుకోవచ్చు. కానీ మెలకువగా ఉన్న కాసేపూ అది ఇల్లు పీకి పందిరేస్తుంది. చెప్పులు కొరుకుతుంది, గిన్నె చప్పుడు వినపడితే పరిగెత్తుకొస్తుంది. జబ్బు పడిన పిల్లకు మెలకువలోనూ కళ్లు వాలిపోయే ఉంటాయి. తిండి దగ్గరికి వచ్చి, వాసన చూసి, వెళ్లిపోతుంది. ఒకరోజు తేరుకున్నట్టే కనిపిస్తుంది, మర్నాడు మళ్లీ డీలా పడుతుంది. ఆ ఒక్కరోజు చూసి 'తగ్గిపోయిందిలే' అనుకుని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేస్తాం. ప్రమాదం అక్కడే ముదురుతోంది.

ఇంట్లోనే చూడదగ్గ గుర్తులు కొన్ని ఉన్నాయి. కుక్క మామూలుగా నోరు మూసి తెరుస్తూ, మీ చేతికి అలవాటు పడి ఉంటే, పై పెదవి కొద్దిగా ఎత్తి చిగుళ్లు చూడండి. ఆరోగ్యంగా ఉంటే గులాబీ రంగులో తడిగా ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉన్న కుక్కకైతే కింది కనురెప్ప లోపలి భాగం చూడండి. అవి పాలిపోయినా, పసుపు తిరిగినా, వాటి మీద ఎర్రటి చుక్కలు కనిపించినా ఆ రోజే పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. 30 దాటుతూ ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పాల్సిన మాటే. ముక్కు పట్టి చూస్తే జ్వరం తెలియదు. కుక్కకు మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది కాబట్టి మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఆ నోటి జోలికి పోనే కూడదు. కింది దవడ వేలాడిపోయి, చొంగ కారుతూ, మింగలేక, గొంతు మారిపోయి ఉన్న కుక్క నోట్లో ఎముక ఇరుక్కుందేమోనని చెయ్యి పెట్టకండి. పిచ్చికుక్క అంటే మీద పడి కరిచేదేనని చాలామంది అనుకుంటారు. రేబిస్‌లో ఇంకో రకం ఉంది. అందులో కుక్క మెత్తబడుతుంది, చీకటి మూలలు వెతుక్కుంటుంది, దవడ, కాళ్లు పడిపోతాయి. కరవకపోయినా దాని చొంగలో వైరస్ ఉంటుంది. ఆ చొంగ చేతి మీది గాయానికి తగిలినా, కరిచినా, గీరినా సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. వెంటనే కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకో, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లి టీకా మొదలుపెట్టాలి. రక్తం వచ్చేలా కరిచినా, గీరినా, చొంగ గాయానికి తగిలినా ఇమ్యూనోగ్లోబులిన్ కూడా పడాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు లేదు.

ఇక మన ప్రాంతంలో కుర్ర కుక్కల్ని లోలోపల పీల్చే జబ్బుల్లో ముందు చెప్పాల్సింది గోమార్ల జ్వరం. గోమార్లను కొన్నిచోట్ల పిడుదులంటారు. కుక్కలకు పట్టే గోధుమరంగు గోమారి ఎర్లీకియా అనే సూక్ష్మజీవిని రక్తంలోకి ఎక్కిస్తుంది. కుట్టిన ఒకటి నుంచి మూడు వారాలకు జ్వరం, నీరసం, తిండి మానేయడం మొదలవుతాయి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కొన్నాళ్లకు లక్షణాలు వాటంతటవే తగ్గినట్టు ఉంటాయి. కానీ జబ్బు పోదు, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి దాక్కుని, చివరకు ఎముకల్లోని మూలుగను దెబ్బతీస్తుంది. అప్పుడు ముక్కు నుంచి రక్తం కారుతుంది, కుక్క ఎండిపోతుంది. గోమార్లే తెచ్చే ఇంకో జబ్బు బబీసియా. అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, మూత్రం టీ డికాక్షన్ రంగుకు తిరగొచ్చు. రెండింటికీ మందులు వేరు. రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూస్తే కొన్నిసార్లు ఆచూకీ దొరుకుతుంది. అందులో దొరక్కపోతే డాక్టరు వేరే పరీక్షలు రాస్తారు. ఎర్లీకియాకు రాసే డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడాలి. ఐదో రోజుకు కుక్క లేచి తిరుగుతోందని మాత్రలు ఆపేసే ఇళ్లవల్లే జబ్బు మళ్లీ తిరగబెడుతోంది.

గోమారి కుక్క మీద కనిపించేది కొద్దిసేపే. రక్తం తాగాక రాలిపోయి గోడ పగుళ్లలోకి చేరుతుంది, ఒక్క ఆడది వేల గుడ్లు పెడుతుంది. మన ఇళ్లకు నాపబండలే నేల, పాత ఇళ్లకు పైకప్పూ అవే. బండకూ బండకూ నడుమ సున్నం రాలిన సందులు గోమార్లకు పుట్టిళ్లయ్యాయి. కుక్కకు ఎంత మందు పూసినా ఆ సందులు అలాగే ఉంటే నెల తిరిగేసరికి కథ మొదటికొస్తుంది. సందుల్లో సిమెంటు పూడ్చండి. కుక్క పడుకునే గోనెసంచిని వారానికోసారి వేడినీళ్లలో ఉడకబెట్టి ఎండేయండి. డాక్టరు చెప్పిన మందునే గోడలకు కొట్టి, పూర్తిగా ఆరేదాకా కుక్కను, పిల్లలను దూరంగా ఉంచండి. గోమార్లను చేత్తో నలపకండి, చిమటాతో చర్మానికి దగ్గరగా పట్టి లాగి సబ్బునీళ్లలో వేయండి. కుక్కల గోమార్ల ద్వారా మనుషులకూ ఒక రకం మచ్చల జ్వరం రావచ్చు.

రెండో శత్రువు పేగుల్లోని కొక్కెం పురుగు. తల్లిపాలతోనే పిల్లకు సంక్రమిస్తుంది, పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగుతుంది. పొట్ట ఉబ్బి, వెన్ను బయటపడి, మలం తారులా నల్లగా ఉంటే దాన్నే అనుమానించాలి. రెండు వారాల వయసు నుంచే నట్టల మందు మొదలుపెట్టి, మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి వేయించాలి. పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుల నుంచి బయటపడ్డ పిల్లలు కోలుకోవడానికీ వారాలు పడుతుంది. కొన్నింటికి గుండెలోనో, తుంటి కీలులోనో పుట్టుకతోనే లోపం ఉంటుంది. ఈ లోపాలు బయటికి కనిపించవు. బయటికి కనిపించేది ఒక్కటే, కదలకుండా పడుకున్న కుక్క.

అలాంటి కుక్కను పరిగెత్తిస్తే ఏమవుతుందో ఆలోచించండి. రక్తం తక్కువున్న కుక్కకు పరుగులో కండరాలకు చాలినంత ప్రాణవాయువు అందదు. గుండె ఆ లోటు పూడ్చడానికి ఎగిరెగిరి కొట్టుకుంటుంది, కుక్క నడిరోడ్డు మీదే కూలబడవచ్చు. ప్లేట్‌లెట్లు తక్కువున్న కుక్కతో గుడ్డ పట్టుకుని లాగే ఆట ఆడితే చిగుళ్ల నుంచి రక్తం ఆగకుండా కారవచ్చు. తుంటి సరిగ్గా లేని పెద్ద జాతి పిల్లను మెట్లెక్కించి, దూకించి ఆడిస్తే జీవితాంతం కుంటాల్సి రావచ్చు. వీటన్నిటికీ తోడు మన ఎండ. మే నెలలో 42, 43 డిగ్రీలు కల్లూరుకు కొత్త కాదు. కుక్క ఒంటి వేడి ప్రధానంగా వగర్పుతోనే బయటికి పోవాలి. మొహం చదునుగా ఉండే పగ్, మంచు దేశపు బొచ్చు మోసే హస్కీ లాంటివి ఈ గడ్డ మీద మామూలు రోజుల్లోనే ఆయాసపడతాయి. తారురోడ్డు మీద మీ అరచేతి వెనుక భాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే, కుక్కను ఆ రోడ్డెక్కించకండి.

ఇంటి వైద్యంతో ప్రాణాలు తీయకండి. మనకు వేసే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కకు వేయొద్దు. అవి కాలేయం, కిడ్నీలను దెబ్బతీస్తాయి, కడుపులో పుండ్లు చేసి రక్తం కారేలా చేస్తాయి. పత్తిచేలకు కొట్టే పురుగుమందు కలిపిన నీళ్లతో గోమార్ల కోసం కుక్కను కడగొద్దు. అది చర్మంలోంచి ఇంకి, చొంగ కారించి, వణికించి చంపుతుంది. ఎద్దులకూ బర్రెలకూ తెచ్చిన మందును అంచనాగా పూయొద్దు. నీరసంగా ఉందని మిగిలిన ఉగ్గాని, కూరన్నం పెట్టొద్దు. వాటిలోని ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు కుక్క రక్తకణాలనే పగలగొడతాయి. బూజు పట్టిన శనక్కాయలు, వాటి చెక్క అసలే వద్దు. ఆ బూజు విషం అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని తినేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయి ఈ విషాన్ని లోకానికి తెలియజేసింది శనగచెక్క మేతే.

అయితే జబ్బు కుక్కను గొలుసు కట్టి మూలన వదిలేయమని మేము చెప్పడం లేదు. రోజంతా పలకరింపు లేకుండా పడి ఉన్న కుక్క దిగులుతో ఇంకా తిండి మానేస్తుంది. డాక్టరు సరేనన్నాక దాని బలానికి తగిన ఆట పెట్టాలి. కుక్కకు కాళ్లకంటే ముక్కు ముఖ్యం. పాత తువ్వాలు మడతల్లో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం ముక్కలు రెండు దాచి ముందు పెట్టండి. పడుకున్న చోటునుంచే ముక్కుతో మడతలు విప్పుకుంటుంది. మూడు గిన్నెలు బోర్లించి ఒకదాని కింద ముద్ద పెట్టి వెతకనివ్వండి. రాగి జావను వెడల్పాటి పళ్లెంలో పలచగా పూస్తే నాకుతూ కాసేపు గడుపుతుంది. అరచేయి చూపి, ముక్కు ఆనిస్తే ఒక ముక్క ఇవ్వడం నేర్పండి. రేపు ఆసుపత్రిలో డాక్టరు చేయి తగిలినప్పుడు ఆ అలవాటే భయం పోగొడుతుంది. పొద్దున్నే వాకిలి దగ్గర నీడలో పక్కన కూర్చోబెట్టుకుని వీధి చూడనివ్వండి. మెత్తగా దువ్వండి, ఆ వంకతో చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు వెతకండి.

ఒక్కో ఆట మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. ఇంకా ఆడాలని ఉండగానే ఆపేయాలి. తల తిప్పేసుకున్నా, పెదవులు నాక్కుంటూ వెనక్కి జరిగినా, వగర్పు పెరిగినా అది చాలన్నట్టే. ఇంట్లోని పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పండి. నిద్రపోతున్న జబ్బు కుక్కను లేపి ఆడమంటే అది కరిచినా తప్పు దానిది కాదు. ఒక నోటుపుస్తకంలో రోజూ నాలుగు మాటలు రాయండి: ఎంత తింది, ఎన్ని నీళ్లు తాగింది, మూత్రం రంగేమిటి, ఎంతసేపు ఆడింది. రెండు వారాల ఆ రాత డాక్టరుకు మన జ్ఞాపకం కంటే నమ్మకమైన సాక్ష్యం. మందు పూర్తయ్యాక రక్తం మళ్లీ పరీక్షించి, లెక్క సరిగ్గా ఉందంటేనే నడక పెంచాలి, అదీ వారానికి కొద్దికొద్దిగా.

ఈ బాధ్యత ఇళ్లవాళ్ల మీద మాత్రమే వదిలేస్తే కుదరదు. కల్లూరు ఇవాళ కర్నూలు నగరపాలక సంస్థలో భాగం. చుట్టూ ఉలిందకొండ, పెద్దటేకూరు లాంటి పల్లెలున్నాయి. కుక్కకు రక్త పరీక్ష ఎక్కడ, ఏ వేళల్లో చేస్తారో తెలిపే బోర్డు ప్రతి ప్రభుత్వ పశువైద్యశాల ముందు ఉండాలి. గొర్రెలకు, బర్రెలకు నట్టల మందు వేసే రోజున రైతు సేవా కేంద్రాల సిబ్బంది కుక్కలున్న ఇళ్లనూ హెచ్చరించాలి. ప్రతి ఏటా జూలై 6న జంతు సంక్రమణ వ్యాధుల దినం సందర్భంగా పశుసంవర్ధక శాఖ ఉచితంగా వేసే రేబిస్ టీకా గురించి వీధి వీధినా చాటింపు వేయాలి. కుక్కపిల్లలను అమ్మేవాళ్ల మీద నిఘా పెట్టాలి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. టీకా కార్డు చూపించని చోట, తల్లిని చూడనివ్వని చోట పిల్లను కొనకండి. అలా కొంటే, నెల రోజులకు అది ఎందుకు లేవలేకపోతోందో మీకే అర్థమవుతుంది.

ఈ సాయంత్రమే మీ కుక్కను దగ్గరకు తీసుకుని చిగుళ్లు, కళ్లు, చెవులు, మూత్రం రంగు చూడండి. అనుమానం ఉంటే రేపు పొద్దున్నే ఎండెక్కకముందే పశువైద్యశాలకు తీసుకెళ్లండి. తీసుకెళ్లే వీలు లేకపోతే సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేసి అడగండి. చిగుళ్లు తెల్లబడినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా, మూత్రం ఎర్రబడినా, నిలబడలేకపోయినా రేపటి దాకా ఆగకండి. కొన్ని జబ్బులు పూర్తిగా నయం కావు, వాటితోనే బతకాలి. అలాంటి కుక్కకూ వేళకు మందు, చల్లటి నీడ, దాని బలం మించని ఆట దక్కాలి. అవి ఇవ్వడం తెచ్చి పెంచుకున్న ప్రతి ఇంటికీ విధి.