‘నోవు’ అంటే సరిపోదు

సర్జాపుర తెలుగిళ్లలో పెద్దవాళ్లు ‘కాళ్లు పీకుతున్నాయి’, ‘నడుము నుంచి పిక్క దాకా జివ్వున లాగుతోంది’, ‘అరికాళ్లు మంటలు’ అంటారు. డాక్టరు ముందు కూర్చోగానే అదంతా ఒక్క ‘నోవు’ అయిపోతుంది. తోడు వెళ్లిన పిల్లలు దాన్ని ‘పెయిన్’ చేస్తారు. దీన్ని చిన్న విషయంగా మేం చూడటం లేదు.

మూడు నెలలు దాటిన నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11లో విడిగా చోటు దక్కింది. 2022 నుంచి అది అమల్లో ఉంది. వైద్యమూ మారింది. నరం దగ్గర మత్తుమందు ఎక్కించే ‘నెర్వ్ బ్లాక్’ ఇప్పుడు ఆపరేషన్లకే కాదు, నొప్పి ఏ నరం నుంచి వస్తోందో తేల్చడానికీ వాడుతున్నారు. మోకాలి నొప్పికి ముందు అలా పరీక్షించి, గుణం కనిపిస్తే ఆ సన్న నరాలను రేడియో తరంగాల వేడితో మొద్దుబార్చే పద్ధతిపై 2011లో కొరియా వైద్యులు పరిశోధన ప్రచురించారు. ఉపశమనం కొన్ని నెలలుండొచ్చు. కీలు అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది, ఎవరైనా ‘పూర్తిగా నయం’ అంటే నమ్మనక్కర్లేదు.

ఏ నరమో వెతకడం మొదలయ్యేది మాత్రం రోగి మాటతోనే. 1975లో మెల్జాక్ రూపొందించిన మెక్‌గిల్ ప్రశ్నావళి నిండా నొప్పిని వర్ణించే మాటలే. మంట, తిమ్మిరి, కరెంటు షాకు కొట్టినట్టుండటం నరాల నొప్పికి గుర్తులు కావచ్చు. దానికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు. తెలియక ఏళ్లతరబడి మింగితే కిడ్నీలకు ముప్పు.

అందుకే పిల్లలను మేం అడిగేది ఒక్కటే: అవ్వ ఏ మాట అంటే ఆ మాటే, ఎక్కడ, ఏ వేళ అన్నదాంతో సహా కాగితంపై రాసి తీసుకెళ్లండి. అర్థం చెప్పడం తర్వాత.