నాలుగు మాటలు : ఉత్తర ధ్రువ జ్యోతుల కోసం

ఉత్తర ధ్రువ జ్యోతులను చూడడానికి అంత దూరం వెళితే కనబడతాయన్న నమ్మకం వున్నదా అని మన సంఘ సభ్యులు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. మా ఆఫీసువారి ప్రయాణ భత్యం ధ్రువం దాకా పోదు గనుక మేము చూచినవారము కాము. అయినా చూడబోయిన దంపతుల సంగతి మొదటినుంచీ మాకు తెలుసును; ఆ సంగతే వ్రాస్తున్నాము.

వారు బెంగళూరులో మా వీధిలోనే కాపురముంటున్నారు. ఆయన తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైనవారు, వయస్సు 74. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాములు నిలిపివేసిననాడు ఆయన అన్నం ముట్టలేదని ఇంట్లోవారు చెబుతారు. జ్యోతులమీద మోజు కూడా తంతివల్ల పుట్టినదే. 1859 సెప్టెంబరులో సూర్యునిమీద పెద్ద కల్లోలం రేగి ఇక్కడి ఆకాశమంతా వెలిగినప్పుడు, అమెరికాలో బోస్టన్, పోర్ట్‌లాండ్ పట్టణాల తంతి గుమాస్తాలు బ్యాటరీలు తీసివేసి, తీగెలో తనంతట వచ్చిన కరెంటుతోనే సుమారు రెండు గంటలసేపు వార్తలు నడుపుకొన్నారు. ట్రెయినింగులో ఈ కథ విన్ననాటినుంచి ఆకాశంలోని ఆ బ్యాటరీని ఒక్కసారి కళ్ళారా చూడవలెనని ఆయన కోరిక.

కుమారుడు స్టాక్‌హోములో ఉద్యోగం చేస్తూ రమ్మన్నాడు. అమ్మగారికి మనుమరాలిని ఎత్తుకోవడం ముఖ్యం. వున్నవి పదిహేను రోజులు. అందులో నాలుగు రాత్రులు ఆకాశానికి పోతాయనేసరికి ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. "కనబడుతుందని ఎవరైనా వ్రాసిచ్చారా?" అని ఆవిడ అడిగారు.

ఎవరూ వ్రాసివ్వరు. నార్వే తీరం వెంట ఓడలు నడిపే హర్టిగ్రూటెన్ కంపెనీవారు, చలికాలపు దీర్ఘయాత్రలో జ్యోతి కనబడకపోతే మరొక యాత్ర ఉచితంగా ఇస్తామని చెబుతూ వచ్చారు. అదైనా జ్యోతిని ఇస్తామని కాదు, ఇంకొకసారి ఎదురుచూడనిస్తామని.

సూర్యుని నుంచి ఎడతెగకుండా విద్యుత్కణాల గాలి వీస్తూ వుంటుంది. భూమికున్న అయస్కాంత శక్తి ఆ కణాలను ధ్రువాలవైపు మళ్ళిస్తుంది. అవి నూరు కిలోమీటర్ల ఎత్తున, ఆపైన, గాలిని తాకి వెలుగు పుట్టిస్తవి. ఆకుపచ్చ, ఎరుపు ప్రాణవాయువు రంగులు. ఊదా, నీలం నత్రజనివి. నార్వే శాస్త్రజ్ఞుడు బిర్కెలాండ్ గాలి తీసివేసిన గాజు పెట్టెలో అయస్కాంతపు బంతి నుంచి, దానిచుట్టూ ఇటువంటి వెలుగును తెప్పించి చూపాడు. ధ్రువం చుట్టూ ఒక వలయంగా ఈ వెలుగు దాదాపు ఎప్పుడూ వుంటుంది. కాని దానికీ మనకూ మధ్య మబ్బు అడ్డం పడితే ఎంత వెలిగినా దండగే. వేసవిలో అక్కడ అర్ధరాత్రి కూడా సూర్యుడుంటాడు గనుక సెప్టెంబరు నుంచి మార్చి దాకానే కాలం.

2024 మేలో లడఖ్‌లోనే కనబడింది గదా, స్వీడన్ దాకా ఎందుకని కొందరు ఆయనను అడ్డగించారు. హాన్లేలో మన బెంగళూరు ఖగోళ భౌతిక సంస్థవారి కెమెరాలకు ఎర్రని కాంతి చిక్కిన మాట నిజమే. 1872 ఫిబ్రవరిలో బొంబాయిలో సైతం కనబడింది. కాని 2024 నాటి అంతటి తుఫాను అంతకుముందు వచ్చినది 2003లో. అటువంటిదానికోసం ఇంటిమేడమీద కూర్చుంటే ఎన్నేళ్ళు కూర్చోవాలి?

ఆయన ఎంచుకొన్నది అబిస్కో. ధ్రువవృత్తానికి దాదాపు 200 కిలోమీటర్లు ఎగువన, ఆ వలయం క్రిందనే వున్న చిన్న ఊరు. పడమటి కొండలు మబ్బులను ఆపడంవల్ల అక్కడ ఆకాశం చుట్టుపక్కల కంటె తేటగా వుంటుంది. స్టాక్‌హోములో సాయంత్రం రైలెక్కితే మర్నాడు పగటికి దిగవచ్చు.

2025 మార్చిలో వెళ్ళారు. మొదటి రెండు రాత్రులూ మంచు కురిసింది. మూడవనాడు పదకొండు గంటలకు మబ్బు విడి, కొండమీదుగా పొగవంటి తెల్లని పట్టీ లేచింది. పక్కవారి ఫోనులో అది ఆకుపచ్చ. ఈయన కంటికి తెలుపే. మసకవెలుగులో మన కన్ను రంగు పట్టదు, కెమెరా పడుతుంది. ఈ సంగతి ప్రకటనలవారు చెప్పరు. అర్ధరాత్రి దాటాక అది నెత్తిమీదికి వచ్చి, తెరవలె మడతలు పడి, కంటికే లేత ఆకుపచ్చగా మారి, ఈ చివరనుంచి ఆ చివరకు పరుగెత్తింది. రెండు నిమిషాలు చూచి ఆయన లోపలికి పరుగెత్తారు, మోకాళ్ళ నొప్పితో పడుకున్న ఆవిడను లేపడానికి. రెండేసి మేజోళ్ళు, బూట్లు, కోటు తొడుక్కొని ఆవిడ బయటికి వచ్చేసరికి మళ్ళీ తెల్లని చారికే మిగిలింది. "దీనికా?" అన్నారట. ఆ ఆట పది నిమిషాలు సాగిందని పక్కవారు చెప్పారు. అందులో ఎనిమిది బూట్లపాలైనవని ఆయన అనరు. మేమే లెక్కవేశాము, గుమాస్తా బుద్ధి!

నాలుగవ రాత్రి ఆవిడే ముందుగా తయారై, బయట కుర్చీ వేయించుకొని ఒంటిగంట దాకా ఆయనతో కూర్చున్నారు. చలి సున్నకు పదిహేను డిగ్రీలు దిగువన వున్నది. మబ్బు విడలేదు.

కనుక వెళ్ళదలచినవారు పున్నమి రోజులు తప్పించి, నాలుగు రాత్రులకు తక్కువ కాకుండా చూచుకోండి. తొమ్మిది గంటలకే ఇద్దరూ బూట్లతో సహా తయారై వుండండి. పగటిపూట కిరునా పట్టణం చూడండి; ఇనుపగని క్రింద నేల కుంగుతున్నదని, 1912 నాటి కొయ్య చర్చిని 2025 ఆగస్టులో చక్రాల బండ్లమీద ఐదు కిలోమీటర్లు నడిపించుకొని పోయారు.

సూర్యుని ఉద్రేకం పదకొండేళ్ళకొక మారు హెచ్చుతుంది. 2024లో హెచ్చింది. మళ్ళీ హెచ్చేసరికి ఆయనకు 85 దగ్గరపడుతుంది. అయితే ఆ వలయం క్రింది ఊళ్ళకు తగ్గిన ఏళ్ళలో కూడా జ్యోతులు వస్తవి గనుక, వచ్చే చలికాలంలోనే మళ్ళీ పోదామని ఆయన అంటున్నారు. ఆవిడ ఊకొట్టలేదు, కాదనీ అనలేదు. రెండు జతల మంచుబూట్లు, కోట్లు మాత్రం కుమారుని ఇంట్లోనే వుంచి వచ్చారు. ఈలోగా మన సభ్యులెవరైనా అటు వెళితే వాడుకోవచ్చునన్నారు. కాలి కొలత సంఘం ఆఫీసుకు వ్రాయవలెను.