లూయీస్ బ్రూక్స్‌ది తిక్కేనా?

లూయీస్ బ్రూక్స్ గురించి ఎవరు రాసినా ముందు "తిక్క మనిషి" అనే మొదలుపెడతారు. నాకు ఆ మాట మీదే అభ్యంతరం.

1928లో పారామౌంట్ స్టూడియో జీతం పెంచం అంది. అప్పటికి ఆమెకి 21 ఏళ్లు, అంటే మన ఫైనల్ ఇయర్ వాళ్ల వయసు. సరే అని ఊరుకోకుండా బెర్లిన్ వెళ్లిపోయి, పాబ్స్ట్ తీసిన 'పాండోరాస్ బాక్స్'లో లూలూ పాత్ర చేసింది. అది మూకీ సినిమా. మూకీల్లో మామూలుగా కనిపించే చేతులూపడం, కళ్లు తిప్పడం ఆమె దగ్గర ఉండవు. ఊరికే అలా చూస్తుంది, మనకి అర్థమైపోతుంది. అప్పటి విమర్శకులు కొందరు ఇదసలు నటనే కాదన్నారు!

తర్వాత పారామౌంట్ వాళ్లు పాత సినిమాకి గొంతు ఇవ్వమని పిలిస్తే రానంది. వేరే నటితో చెప్పించుకున్నారు. అక్కడితో హాలీవుడ్‌లో ఆమె పని దాదాపు అయిపోయింది. 1938లో చివరి సినిమా, ఆ తర్వాత న్యూయార్క్‌లో ఒక షాపులో సేల్స్ గర్ల్ ఉద్యోగం. ఒక్క 'నో'కి ఇంత రేటా అనిపిస్తుంది నాకు. అదే పని హీరో చేస్తే ఆత్మాభిమానం అంటాం కదా?

పెద్దయ్యాక రోచెస్టర్‌లో ఉంటూ సినిమాల మీద వ్యాసాలు రాసింది. 1982లో 'లూలూ ఇన్ హాలీవుడ్' పేరుతో పుస్తకంగా వచ్చాయి. స్టూడియోల్నీ వదల్లేదు, తననీ వదల్లేదు. ముందు సినిమా చూడండి, తర్వాత ఆ పుస్తకం చదవండి. తిక్క ఎవరిదో అప్పుడు మాట్లాడుకుందాం.