పారబోసిన టమోటా పిల్లల కంచంలోకి ఎందుకు రాదు?

ధర పడిపోయిన ఏడాది మదనపల్లె, పత్తికొండ ప్రాంతాల్లో టమోటా రైతు ఏం చేస్తాడో మనకు కొత్త కాదు. కోత కూలి, క్రేట్ల బాడుగ, ఆటో కిరాయి, మండీ కమీషన్ లెక్కేసుకుంటాడు. యార్డుకు తీసుకుపోతే చేతి డబ్బు పడుతుందని తేలాక కాయను చెట్టు మీదే వదిలేస్తాడు, లేదా తోటలోకి పశువులను తోలుతాడు. ఆశ చావక తీసుకొచ్చినవాడు రోడ్డు పక్కన పారబోసి వట్టి చేతులతో ఇల్లు చేరతాడు. మర్నాడు పేపర్లో ఫోటో వస్తుంది. నాయకులు సానుభూతి ప్రకటిస్తారు. పది రోజులకు అందరూ మరచిపోతారు.

అదే మండలంలో బడి పిల్లవాడి కంచంలో మాత్రం నీళ్ల చారే ఉంటుంది.

ఈ రెండింటినీ కలపండి, గిరాకీ లేని కాలంలో కాయను కొని గుజ్జు చేసి నిల్వపెట్టండి, బడులకు, అంగన్‌వాడీలకు పంపండి అంటే రెండు జవాబులు వినిపిస్తాయి. టమోటా నిల్వ ఉండే సరుకు కాదన్నది ఒకటి. నిల్వచేసినా డబ్బాకెక్కిన కూరగాయలో బలం ఉండదు, పిల్లలకు పెట్టకూడదు అన్నది రెండోది. మొదటిది అబద్ధం. రెండోది సగం నిజం. సగం నిజమే ఎక్కువ ప్రమాదం, కనుక దాన్ని వివరంగా చూద్దాం.

ఆహారాన్ని గాలి చొరబడకుండా మూసి, వేడిచేసి నిల్వపెట్టే పద్ధతి నిన్న మొన్నటిది కాదు. ఫ్రాన్స్‌కు చెందిన నికొలాస్ అపెర్ గాజు సీసాలతో ఈ పని చేసి 1810లో అక్కడి ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమతి అందుకున్నాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో పీటర్ డ్యురాండ్ రేకు డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. రెండు వందల ఏళ్ల కిందట తెలిసిన విద్య ఇవాళ మన రాష్ట్రంలో సాధ్యం కాదంటే నమ్మమంటారా? పైగా టమోటా పుల్లటి కాయ. పులుపు ఉన్న సరుకును నిల్వచేయడం తేలిక. బీన్స్, బెండ, బఠాణీ వంటి పులుపు లేని కూరగాయలను ప్రెషర్‌లో 121 డిగ్రీల దాకా వేడి చేయాలి. లేకుంటే బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం పుట్టే ప్రమాదం ఉంది. ఉబ్బిన డబ్బాను రుచి కూడా చూడకుండా పారేయమనేది అందుకే.

ఇక బలం సంగతి. డబ్బాకెక్కితే పోయేవి ఉన్నాయి, మిగిలేవి ఉన్నాయి. వేడికి, నీటికి విటమిన్ సి, కొన్ని బి విటమిన్లు కొంత పోతాయి. దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ పీచు పోదు. ఖనిజాలు ఆవిరి కావు. కొన్ని డబ్బాలోని నీళ్లలోకి దిగుతాయి, గుజ్జు చేస్తే ఆ కాస్తా గుజ్జులోనే ఉంటాయి. క్యారెట్, గుమ్మడిలోని కెరోటిన్ చాలావరకు నిలుస్తుంది. టమోటాకు ఎరుపు ఇచ్చే లైకోపీన్ అయితే పచ్చికాయలో కంటే ఉడికించి, కాస్త నూనె తగిలినప్పుడే ఒంటికి బాగా పడుతుంది. మన అమ్మలు తాలింపు వేసి టమోటాను మగ్గబెట్టడం వృథా పని కాదు.

తాజాది అంటున్నామే, అది ఏ మేరకు తాజాదో కూడా అడగాలి. పొద్దున కోసిన ఆకుకూరను మధ్యాహ్నం వండుకునే మన ఇంటి కూరకు ఏ డబ్బా సాటిరాదు. కానీ కోశాక నాలుగు రోజులు లారీల్లో, మండీల్లో, ఎండలో తిరిగిన కూరగాయ కూడా విటమిన్ సిని పోగొట్టుకుంటూనే ఉంటుంది. పండిన రోజే నిల్వచేసిన కాయను వాడిపోయిన కాయ ముందు పెట్టి, ఇది దండగ, అది బంగారం అనడం శాస్త్రం కాదు. బడి పిల్లవాడి విషయంలోనైతే పోలిక తాజా టమోటాకూ గుజ్జుకూ మధ్య కాదు. గుజ్జుకూ ఉత్త చారుకూ మధ్య.

లెక్క చూడండి. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 50 గ్రాములు, పై తరగతుల పిల్లకు 75 గ్రాముల కూరగాయలు పెట్టాలన్నది కేంద్రం పెట్టిన నిబంధనే. 2025 మే నుంచి దీనికి కేంద్రం నిర్ణయించిన వంట ఖర్చు ప్రాథమిక పిల్లకు 6 రూపాయల 78 పైసలు, పై తరగతులకు 10 రూపాయల 17 పైసలు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు, వంటచెరకు అన్నీ అందులోనే. 2023 జూలైలో టమోటా కిలో నూరు రూపాయలు దాటింది. ఆ డబ్బుతో వంట చేసే అక్కచెల్లెళ్లు టమోటా ఎక్కడ నుంచి తేవాలి? మళ్లీ రెండు నెలలు తిరగకముందే ధర కుప్పకూలి రైతు ఏడ్చాడు. ధర పెరిగితే పిల్లకు లేదు, పడితే రైతుకు లేదు. ఈ రెంటి మధ్య నిల్వ అనే వంతెన లేకపోవడమే అసలు జబ్బు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. టమోటా గుజ్జుతో ఇది పోతుందని మేం అనడం లేదు. ఆకుకూర, పప్పు, గుడ్డు రోజూ ఉండాల్సిందే. గుజ్జు వాటికి తోడు, వాటికి బదులు కాదు. కానీ కంచంలో కూరగాయే లేని పూట, పక్క ఊళ్లో కూరగాయ కుళ్లిపోవడాన్ని ఏ లెక్కలో రాసుకోవాలి?

ఇక్కడే కంపెనీల మాయ దగ్గర జాగ్రత్తపడాలి. నిల్వ టమోటా మంచిదనగానే కెచప్ సీసా పట్టుకుని ముందుకొస్తారు. కెచప్ కూరగాయ కాదు. దాని బరువులో అయిదో వంతుకు పైగా చక్కెరే ఉంటుంది, ఉప్పు అదనం. 1981లో అమెరికాలో రీగన్ ప్రభుత్వం బడి భోజనంలో కెచప్‌నూ కూరగాయ కింద లెక్కవేయబోయి, జనం దుమ్మెత్తిపోస్తే వెనక్కు తగ్గింది. 2011లో అక్కడి పార్లమెంటు పిజ్జా మీద పూసే టమోటా పేస్టును కూరగాయ లెక్కలోనే ఉంచింది. ఆ దారి మనకొద్దు. పెద్దవాళ్లే రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, పిల్లలకు ఇంకా తక్కువ చాలు. కాబట్టి ఉప్పు, చక్కెర కలపని గుజ్జే కావాలి. ఉప్పునీటి డబ్బా కూరగాయలైతే నీళ్లు వంపేసి కడిగి వండుకోవాలి. ఏడాది నిండని పసివాళ్ల ముద్దలో ఉప్పూ చక్కెరా రెండూ కలపకూడదు.

ఫ్యాక్టరీ వస్తే చాలు, రైతు బతుకుతాడన్నదీ భ్రమే. చిత్తూరు జిల్లాలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కొదవా? 2025లో తోతాపురి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు ఇవ్వాలన్నారు. రైతులు ట్రాక్టర్లతో ఫ్యాక్టరీ గేట్ల ముందు పడిగాపులు కాశారు. చెప్పిన ధర చేతికి రాలేదని ఆ సీజనంతా గోడు వినిపించింది. ఫ్యాక్టరీ ఎవరిది, ధర ఎవరు నిర్ణయిస్తారు అన్నదే అసలు ప్రశ్న. వినియోగదారుడు టమోటాకు ఇచ్చే రూపాయిలో రైతుకు దక్కేది సుమారు 33 పైసలేనని రిజర్వు బ్యాంకు 2024లో విడుదల చేసిన అధ్యయన పత్రమే తేల్చింది. టమోటా, ఉల్లి, ఆలుగడ్డల కోసమని 2018 బడ్జెట్లో 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. ఆ తర్వాత కూడా రోడ్డు పక్కన టమోటా కుప్పలు ఆగలేదు.

టమోటా కన్నా త్వరగా పాడయ్యేవి పాలు. విరిగిపోతాయి కాబట్టి పారబోయండని గుజరాత్ ఖేడా రైతులు అనుకోలేదు. 1946లో సహకార సంఘం పెట్టుకున్నారు. మిగులు పాలను పొడిచేసే ఫ్యాక్టరీని 1955లో ఆనంద్‌లో నిలబెట్టుకున్నారు. ఫ్యాక్టరీ వాళ్లది కాబట్టి ధర వాళ్లకు దక్కింది. పాలకు సాధ్యమైంది టమోటాకు ఎందుకు సాధ్యం కాదు? మన తోటల్లో వేసే రకాల్లో నీరెక్కువ, గుజ్జు తక్కువ అంటారు. నిజమే. అయితే గుజ్జు రకాల నారు ఇవ్వండి, కొంటామని ముందే రాసివ్వండి. ఫ్యాక్టరీకి ఏడాది పొడవునా పని ఉండదంటారు. టమోటా లేనప్పుడు మామిడి, జామ ఆడించండి.

మన డిమాండ్లు ఇవి. టమోటా సాగు ఎక్కువగా ఉన్న ప్రతి ప్రాంతంలో రైతుల సహకార సంఘం యాజమాన్యాన గుజ్జు కేంద్రం పెట్టాలి, పెట్టుబడి ప్రభుత్వం పెట్టాలి. పెట్టుబడి ఖర్చుకు 50 శాతం కలిపి కనీస ధర ప్రకటించాలి. మండీ ధర అంతకన్నా పడిన రోజే కేంద్రం గేటు తెరవాలి. ఉప్పు, చక్కెర లేని గుజ్జును బడులు, అంగన్‌వాడీలు, సంక్షేమ హాస్టళ్లకు ప్రభుత్వమే కొనాలి. దాన్ని సాకుగా చూపి తాజా కూరగాయల్లో, గుడ్డులో కోత పెట్టకూడదు. పిల్లకు ఇచ్చే వంట ఖర్చును కూరగాయల ధరలను బట్టి పెంచాలి.

ప్రతి గ్రామ శాఖా ఈ నెల రెండు పనులు చేయాలి. మన ఊరి బడికి వెళ్లి కంచంలో 50 గ్రాముల కూర పడుతోందో లేదో చూడండి. మన ఊళ్లో ఈ ఏడాది ఎన్ని క్రేట్ల టమోటా పారబోశామో లెక్క రాయండి. ఆ రెండు లెక్కలూ ఒకే కాగితం మీద రాసి తహసీల్దారు చేతికి ఇద్దాం. జవాబు చెప్పాల్సింది వాళ్లు.