దాచుకున్న చిరునామాలకు మరో ప్రతి



ఈ శీర్షికలో ఇంతవరకూ ఇతరులు చేసే పొరపాట్ల గురించే ఎక్కువగా ముచ్చటించుకున్నాం. ఈసారి నేను స్వయంగా చేసిన ఒక పొరపాటును మీకు మనవి చేసుకుంటాను.

మా ఇంట్లో కంప్యూటరు ఒక్కటే. నేనూ, మా శ్రీమతీ, మా అమ్మాయీ ముగ్గురం దానినే వాడుకుంటాం. ఇంటర్నెట్‌లో మళ్లీ మళ్లీ చూడవలసిన పేజీల చిరునామాలను బ్రౌజరులో గుర్తుపెట్టుకునే సౌకర్యం ఉంది కదా! వాటినే బుక్‌మార్కులు అంటాం. అందులో మా శ్రీమతికి సంగీత పాఠాల ఫోల్డరు ఒకటి, పైచదువులకు దరఖాస్తులు పెట్టుకుంటున్న మా అమ్మాయికి విశ్వవిద్యాలయాలు, ఉపకార వేతనాల ఫోల్డరు ఒకటి ఉన్నాయి. అమ్మాయి నాలుగు నెలలపాటు వెతికి వెతికి, గడువు తేదీల వరుసలో పేర్చుకున్న చిరునామాలవి.

ఒక ఆదివారం ఉదయం నాకు ఒక కంట్రోల్ వాల్వుకు సంబంధించిన కేటలాగు అవసరమైంది. దాని చిరునామాను లోగడ అనవసరమనుకొని తొలగించాను. అయితే ఎనిమిది నెలల క్రితం తీసిన బ్యాకప్ నా పెన్ డ్రైవులో భద్రంగా ఉంది. ఫైర్‌ఫాక్స్ తెరిచి, ఆ ఫైలును చూపి, 'రిస్టోర్' నొక్కాను. తెరమీద ఏదో హెచ్చరిక వచ్చింది. చదవకుండానే 'ఓకే' అన్నాను. కేటలాగు చిరునామా దొరికింది. నేను సంతోషించాను.

సాయంత్రం అమ్మాయి వచ్చి, "నాన్నా, నా ఫోల్డరేది?" అని అడిగింది. మొదటి దరఖాస్తు గడువు ఇంకా పది రోజులుంది. అప్పుడు గాని ఆ హెచ్చరికలో ఏమున్నదో నాకు తెలియలేదు. ఇప్పుడున్న బుక్‌మార్కులన్నీ పోయి, వాటి స్థానంలో పాతవి వస్తాయని అది స్పష్టంగానే చెప్పింది. మా శ్రీమతి మాత్రం, "ఏమండీ, మీ ప్లాంటులో కూడా ఇలాగే చదవకుండా మీటలు నొక్కుతారా?" అని ఊరుకుంది. పర్మిట్ చదవకుండా స్విచ్ ముట్టవద్దని ముప్పై ఏళ్లుగా కుర్రవాళ్లకు చెబుతున్న మనిషిని. ఏం సమాధానం చెప్పను?

అదృష్టవశాత్తు ఫైర్‌ఫాక్స్‌కు ఒక మంచి అలవాటుంది. మనం అడగకపోయినా బుక్‌మార్కుల ప్రతులను అప్పుడప్పుడు తనంతట తానే తీసి, ఇటీవలి వాటిని కొన్నింటిని అట్టిపెట్టుకుంటుంది. 'రిస్టోర్' అన్నచోట ఆ ప్రతుల తేదీలు వరుసగా కనిపిస్తాయి. ముందురోజు తేదీగల ప్రతిని ఎంచుకున్నాను. ఈసారి హెచ్చరికను రెండుసార్లు చదివాను. ఫోల్డర్లన్నీ తిరిగివచ్చాయి. ఆ ఉదయమే అమ్మాయి చేర్చుకున్న రెండు చిరునామాలు మాత్రం రాలేదు. వాటిని తానే మళ్లీ వెతుక్కుంది.

ఈ అనుభవం నుంచి మనం గ్రహించవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, రిస్టోర్ వేరు, ఇంపోర్ట్ వేరు. ఫైర్‌ఫాక్స్‌లో రిస్టోర్ చేస్తే ఉన్నవి పోయి పాతవి వస్తాయి. ఇంపోర్ట్ చేస్తే ఉన్నవి ఉండగానే పాతవి వచ్చి చేరతాయి. రెండుసార్లు ఇంపోర్ట్ చేస్తే ఒకే చిరునామా రెండేసి చోట్ల కనిపించవచ్చు. అది చికాకే గాని నష్టం కాదు. ఏది చేయబోయినా ముందు, ఆ క్షణంలో ఉన్నదానికి ఒక ప్రతి తీసి పెట్టుకోవాలి.

రెండవది, ప్రతిని ఏ రూపంలో దాచాలన్నది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ కంట్రోల్, షిఫ్ట్, ఓ మీటలను కలిపి నొక్కితే బుక్‌మార్కుల జాబితా తెరుచుకుంటుంది. క్రోమ్, ఎడ్జ్‌లలో అక్కడున్న మూడు చుక్కల గుర్తులోను, ఫైర్‌ఫాక్స్‌లో 'ఇంపోర్ట్ అండ్ బ్యాకప్' అన్నచోటను 'ఎక్స్‌పోర్ట్' ఉంటుంది. దానిని నొక్కితే హెచ్‌టీఎంఎల్ ఫైలు ఒకటి తయారవుతుంది. ఈ పద్ధతి 1990లలో నెట్‌స్కేప్ బ్రౌజరు పెట్టినది. ఆ బ్రౌజరుకు 2008లోనే మద్దతు ఆగిపోయింది. అయినా ఈనాటి బ్రౌజర్లు తయారుచేసే ఫైలు మొదటి వరుసలో ఇప్పటికీ నెట్‌స్కేప్ పేరే ఉంటుంది. అందువల్ల ఒక బ్రౌజరులో తీసిన ప్రతిని మరొకదానిలో చేర్చుకోవచ్చు. పైగా ఆ ఫైలును మామూలు పేజీలాగా తెరిచి, కావలసిన చిరునామాను చూసుకోవచ్చు. నేను ఆనాడు ఇటువంటి ప్రతిని ఉంచుకొని ఉంటే ఒక్క కేటలాగు కోసం ఇల్లంతా తలకిందులు చేయవలసిన అవసరమే ఉండేది కాదు.

మూడవది, సింక్‌ను నమ్ముకొని నిశ్చింతగా ఉండటం. "నా ఫోనులోనూ కంప్యూటరులోనూ ఒకేలా కనిపిస్తున్నాయి, ఇంకా బ్యాకప్ ఎందుకు?" అని మిత్రులు కొందరు అడుగుతుంటారు. ఒకచోట చేర్చినది అన్నిచోట్లా చేరినట్లే, ఒకచోట తొలగించినది అన్నిచోట్లా తొలగిపోతుంది. ఒకే ట్యాంకుకు నాలుగు కుళాయిలు పెట్టినంత మాత్రాన నాలుగు ట్యాంకుల నీరున్నట్లు కాదు కదా!

నాలుగవది, కంప్యూటరును ఫార్మాట్ చేయించేటప్పటి జాగ్రత్త. ఫోటోలను, పత్రాలను అందరూ గుర్తుంచుకొని పెన్ డ్రైవులోకి ఎక్కించుకుంటారు. బుక్‌మార్కులు ఆ ఫోల్డర్లలో ఉండవు. విండోస్‌లో మామూలుగా కంటికి కనిపించని యాప్‌డేటా ఫోల్డరులో ఉంటాయి. అందుకే అవి తరచు వెనుకబడిపోతాయి. కార్యాలయపు కంప్యూటరు మారుతున్నప్పుడూ, పదవీ విరమణకు ముందూ ఈ సంగతి గుర్తుంచుకోండి. పెన్ డ్రైవు వాడకంపై నిషేధం ఉన్నచోట కంప్యూటరు విభాగం వారి అనుమతి తీసుకోండి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులో చిరునామాలన్నీ ఎవరైనా చదవగలిగే విధంగా ఉంటాయి కనుక దానిని పదిమంది వాడే యంత్రంలో వదిలిపెట్టవద్దు.

చివరిగా మరొక్క మాట. బుక్‌మార్కులో ఉండేది చిరునామా మాత్రమే, ఇల్లు కాదు. అమెరికాలోని ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో వెలువరించిన పరిశీలన ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవు. కనుక మీకు నిజంగా అవసరమైన పేజీ అయితే కంట్రోల్, పీ నొక్కి, దానిని పీడీఎఫ్‌గా దాచుకోండి.

ఇవన్నీ గుర్తుండేందుకు నేనొక ఏర్పాటు చేసుకున్నాను. ప్రతి నెలా జీతం పడిన రోజున బుక్‌మార్కులను ఎక్స్‌పోర్ట్ చేసి, ఫైలు పేరులో తేదీ వేసి, ఒక ప్రతిని పెన్ డ్రైవులోను, మరొకదానిని నా ఈమెయిలులోను ఉంచుతాను. ఆ ఫైలును తెరిచి, నాలుగు చిరునామాలు నొక్కి చూస్తాను. తెరిచి చూడని బ్యాకప్, పరీక్షించని అగ్నిమాపక యంత్రం వంటిది. ఇదంతా కలిపి పది నిమిషాల పని.

అమ్మాయి మొదటి దరఖాస్తు గడువుకు మూడు రోజుల ముందే వెళ్లింది. ఇప్పుడు నెలనెలా జీతం పడిన రోజు సాయంత్రం, "నాన్నా, ప్రతి తీశావా?" అని అడిగేది తనే.

వచ్చే సంచికలో ఫోటోలను భద్రపరచుకునే విధానం గురించి చెప్పుకుందాం. అంతవరకు సెలవు.